వడియాలు ఎండని వేసవి

పోయిన శనివారం మిట్టమధ్యాహ్నం మా నార్సింగి ఫ్లాటులో ఏసీ చల్లగాలి మానేసి ఉడుకుగాలి అందుకుంది. ఫోనులో నాలుగు చోట్ల వేలు పెడితే ఒక మెకానిక్ వచ్చాడు. నీటుగా టోపీ, భుజానికి సంచీ, మాటకు ముందొక మేడమ్, మాటకు వెనకొక మేడమ్. బాల్కనీ తలుపు దాకా వెళ్లి, అక్కడే నిలబడి, కాలిన కూరను వాసనతోనే పట్టేసిన అత్తగారిలా అవుట్‌డోర్ యూనిట్‌ను దూరం నుంచే ఒక చూపు చూసి, మోడల్ పాతదైపోయింది, అవుట్‌డోర్ మొత్తం మార్చేయాలి అన్నాడు. ఆ ఒక్క మాట చాలు, నా ఒంట్లో పాతికేళ్ల కిందటి నెత్తురు లేచి కూర్చుంది. మా ఆయనకు ఈ సంగతి తెలుసు గనుక పేపరు మడిచి చంకలో పెట్టుకుని చప్పుడు చేయకుండా పడకగదిలోకి జారుకున్నాడు. నేను కొంగు నడుముకు బిగించి, బాబూ, ఫ్యాను రెక్కను ఒక్కసారైనా కర్రతో తోసి చూశావా అని అడిగాను. తరువాత మా ఇద్దరి మధ్య ఏం జరిగిందో అతను తన ఆఫీసులో ఎలాగూ చెప్పుకుని ఉంటాడు కాబట్టి నేను చెప్పను. మా ఏసీ ఇప్పుడు చల్లగా ఉంది, అవుట్‌డోర్ పాతదే ఉంది.

ఈ పొగరు నాకు పుట్టుకతో వచ్చిందని మా ఆయన అంటాడు. కాదు, మాదాపూర్‌లో ఒక మిద్దె మీద, ఒక మే నెలలో వచ్చింది. తొంభైల చివరి సంవత్సరాల్లో ఆ వైపు తిరిగినవాళ్లకు నేను వేరే చెప్పనక్కర్లేదు, హైటెక్ సిటీ అంటే అప్పటికి అద్దాల గుండ్రటి భవనం ఒకటి, దాని చుట్టూ ఏనుగుల మంద పడుకున్నట్టు బండరాళ్లు, ఆ బండల్ని రోజూ పేల్చే మనుషులు. పేలుడుకు ముందు ఎవరో ఈల వేసేవాడు, ఆ ఈల వినపడగానే మేమంతా టీ గ్లాసుల మీద అరచేతులు మూసేవాళ్లం, దుమ్ము పడకుండా. అమెరికా డాక్టర్లు తమ రోగుల గురించి చెప్పిన మాటల్ని చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని, కాలితో పెడల్ తొక్కుతూ టైపు చేయడం మా పని. ఒకసారి బండ పేలిన అదురుకు నా వేలు జారి, ఎవరో పెద్దాయన ఎడమ మోకాలి నొప్పి కుడి మోకాలికి మారిపోయిందనీ, ఆశ్చర్యంగా ఆయనకు రెండూ నయమైపోయాయనీ మా ఆఫీసులో చెప్పుకునేవాళ్లు. చెప్పిందెవరంటే నేనే, కానీ చాలామంది నమ్మారు.

ఆ ఆఫీసు మా మేనమామది. జమ్మలమడుగులో ఎరువుల అంగడి నడుపుకునే మనిషికి కంప్యూటర్ల మీద మనసు ఎలా పోయిందో దేవుడికే తెలియాలి, ఉన్నట్టుండి హైదరాబాదు వచ్చి, మాదాపూర్ సందులో ఒక ఇంటి పై అంతస్తు కిరాయికి తీసుకుని, ట్రాన్స్‌క్రిప్షన్ సెంటర్ అని బోర్డు కట్టాడు. నాకు ఇంగ్లీషు బాగా వస్తుందని నన్ను తీసుకుపోతానన్నప్పుడు మా నాయన రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. చివరికి మామ ఒక మాటిచ్చాడు. సెంటర్ ఉన్నన్నాళ్లూ పాప నా నీడలో ఉంటుంది, అది మూతపడిన రోజు నేనే తెచ్చి మీ గడపలో దింపుతాను అని. ఆ మాట మీద నేను బస్సెక్కాను. అంటే ఆ సెంటర్ షట్టర్ కింద పడిందంటే నా హైదరాబాదు కూడా పడిపోయినట్టే. మా ఊరు చెడ్డదని కాదు, మా నాయన చెడ్డవాడు అసలే కాదు, కానీ వసారాలో చేట పట్టుకుని వేరుశనక్కాయలు ఒలుస్తూ, గేటు చప్పుడైనప్పుడల్లా ఎవరొచ్చారా అని తలెత్తి చూసే ఆడపిల్లగా మళ్లీ కూర్చోవడం నాకిక చేతకాదు. సొంతంగా బస్సెక్కి, సొంతంగా దిగి, ఎవరినీ అడక్కుండా మిరపకాయ బజ్జీ తిన్న నాలుక అది.

మామకు భక్తి ఎక్కువ. ఆయన దృష్టిలో కరెంటుతో నడిచే ప్రతిదానికీ ప్రాణం ఉంది, ప్రాణం ఉన్న ప్రతిదానికీ దిష్టి తగులుతుంది. కంప్యూటర్లకు బొట్టు, ప్రింటరుకు బొట్టు, మిద్దె మీద నీళ్ల ట్యాంకు కింద నీడలో పెట్టిన ఏసీ అవుట్‌డోర్‌కు అడ్డంగా మూడు గీతలు, మధ్యలో కుంకుమ. చూసినవాళ్లెవరైనా కొత్త గుడి వెలిసిందనుకునేవాళ్లు. కింద ఇంటి ఓనరమ్మ, మేమంతా పెద్దమ్మ అని పిలిచేవాళ్లం, ఆమె మాత్రం చూసి మూతి తిప్పేది. పెద్దమ్మది అక్కడే పుట్టి పెరిగిన కుటుంబం. ఆ బండల్లో సగం ఒకప్పుడు వాళ్లవేనని చెప్పేది, పేలుడు ఈల వినపడినప్పుడల్లా పేల్చేవాళ్ల తాతల దాకా తిట్టేది.

ఆ మే నెలలో ఏసీ చెడింది. పొద్దున కాసేపు చల్లగా ఉండేది, తరువాత ఉసూరుమని ఆగేది, ఒక గంటకు మళ్లీ లేచేది, మళ్లీ పడిపోయేది. గదినిండా మనుషులు, మనుషుల కంటే ఎక్కువ వేడి పుట్టించే ఆ కాలపు డబ్బా మానిటర్లు. మధ్యాహ్నానికి ఆ గది ఎలా ఉండేదంటే, మానిటరు మీద మరిచిపోయిన అప్పడం నూనె లేకుండానే పొంగింది, నేను తిన్నాను, ఉప్పు కాస్త తక్కువైంది. మిషన్లు టైపు చేస్తుండగానే బిగుసుకుపోయేవి. కోస్తా నుంచి వచ్చిన ఒక అబ్బాయి, పాపం మర్యాదస్తుడు, ఇక్కడ ఉండలేకపోతున్నానండి క్షమించండి అని చెప్పి మరీ మానేశాడు. పంపిన పని తప్పులతో ఉందని అమెరికా వైపు వాళ్లు కోప్పడ్డారు.

మామ ఏజెన్సీ నుంచి ఒక ఇంజనీరును పిలిపించాడు. ఆయన ఎండకు జడిసి మిద్దె తలుపు దాటలేదు, అక్కడి నుంచే చెవి ఒకవైపు వంచి, కంప్రెసర్ పోయింది, యూనిట్ మొత్తం మార్చాలి, కొత్తది రావడానికి వారాలు పడుతుందని తేల్చేసి, కింద కూర్చుని మజ్జిగ తాగి వెళ్లిపోయాడు. మామ ముఖం చూశాను. వానలు లేని ఏట అమ్ముడుపోని ఎరువుల బస్తాల వంక చూసే ముఖం అది. ఆ శనివారం సాయంత్రం అందరినీ ఇళ్లకు పంపేసి, నన్ను కూర్చోమన్నాడు.

"రేపు పొద్దున ఒక మంచి మనిషిని కలిసొస్తా, దిష్టి తీసే ఉపాయమేమన్నా ఉంటే చేద్దాం. లేదంటే రేపు సాయంత్రం బస్సుకే పోదాం పాపా. మీ నాయనకు ఫోన్ చేసి చెప్పినా. నువ్వు మీ ఇంటికి, నేను నా అంగడికి."

నేను తల ఊపలేదు. ఊపానని మామ అనుకున్నాడు, అది ఆయన తప్పు.

ఆదివారం పొద్దున మామ ఇంట్లో మా అత్త నా బట్టలు సర్దుతుంటే, సెంటర్లో మరిచిపోయిన చెప్పులు తెచ్చుకుంటానని వచ్చేశాను. నా బుర్రను తొలుస్తున్నది ఒకటే. పోయిన కంప్రెసర్ పొద్దుటి పూట ఎలా లేస్తుంది? నేను వేరుశనగ చేల మధ్య పెరిగినదాన్ని, మా నాయన బోరు మోటారు చప్పుడులో తేడా వస్తే ఆయన కంటే ముందు నేను కనిపెట్టి ఇంట్లోంచి అరిచేదాన్ని. చచ్చిన మోటారు ఊరుకుంటుంది. ఊపిరాడని మోటారు మూలుగుతుంది. ఏసీ వేసి మిద్దెక్కాను.

అక్కడ పెద్దమ్మ ఉంది. ట్యాంకు నీడలో మంచం వాల్చి, దాని మీద పాత చీర పరిచి, చీర మీద వడియాలు పెట్టి, వాటిని ఒక్కొక్కటే గోటితో నొక్కుతూ మా ఏసీని తిడుతోంది. సంగతి ఏమిటంటే, ఆరుబయట ఎండలో వడియాలు పెడితే బండల దుమ్మంతా వాటి మీదే, కరకరలాడేది వడియమో రాయో తెలిసేది కాదు. అందుకని ఆమె రెండేళ్లుగా మా అవుట్‌డోర్ ఊదే ఉడుకుగాలికి ఎదురుగా మంచం వేసి, ఎండతో పని లేకుండా, కాకి వాలకుండా, ఆ వాడకట్టు మొత్తానికి వడియాలు పెట్టేసుకుంటోంది. మాకెవరికీ తెలియదు.

"ఏందే పిల్లా, వారమైతుంది మీ డబ్బా గాలి కొడ్తలేదు. ఊకె మూలుగుతుంది. నా వడియాలు చూడు, గట్లనే మెత్తగున్నయి."

పెద్దమ్మను ఆ క్షణంలో ముద్దుపెట్టుకోవాలనిపించింది, చేతికి పిండి ఉందని ఆగాను. మూలుగు ఉంది, గాలి లేదు. అంటే కంప్రెసర్ బతికే ఉంది, దాని వేడిని బయటికి తోసే ఫ్యానే ఆగిపోయింది. వేడి లోపలే కుక్కుకుపోయి కంప్రెసర్ సొమ్మసిల్లుతోంది, చల్లారాక లేస్తోంది. జాలీలోంచి కొబ్బరి చీపురు పుల్ల పెట్టి రెక్కను తోశాను, పుల్ల విరిగింది. పెద్దమ్మ మంచం కింది నుంచి కర్ర తీసి ఇచ్చింది. కర్రతో తోస్తే రెక్క ఒక అంగుళం కదిలి, బురదలో దిగిన ఎద్దులా నిలబడిపోయింది. తోయగానే గిరగిర తిరిగితే రోగం ఇంకెక్కడో ఉండేది. ఇది తిరగడానికే ఒప్పుకోవడం లేదు.

కిందికి పోయి మెయిన్ ఆపేసి, గదికి తాళం వేసి, తాళంచెవి నా జడలో దోపుకుని వచ్చాను, ఎవరూ వేయకుండా. పెద్దమ్మ ఇంట్లో ఉన్న పానాలన్నీ తెచ్చింది. జాలీ విప్పి, రెక్క వెనక వేలు పెట్టగానే తగిలింది, తారు గడ్డ లాంటిది ఏదో. కూరల కత్తితో గీకితే ఒక నల్లదారం కొస బయటికొచ్చింది. లాగాను. లాగేకొద్దీ వస్తోంది. నల్లదారం, దాని కింద బంతిపూల దండ నైలాన్ దారం, దాని కింద ఇంకో దండది, దాని కింద ఎర్రది. మామ కట్టినవి. దసరాకు ఒకటి, దీపావళికి ఒకటి, ఉగాదికి ఒకటి, మధ్యలో దిష్టికని నల్లతాళ్లు. జాలీకి కట్టి దండం పెట్టుకుని ఆయన కిందికి దిగిపోయేవాడు, పూలు రాలిపోయాక దారాన్ని ఫ్యాను లోపలికి లాక్కుని నడుముకు చుట్టుకునేది. పొరల మీద పొరలు ఎక్కి, ఎండకు కరిగి, దుమ్ముతో గట్టిపడి, ఇరుసుకు ఉరి బిగించేశాయి. ఆ దారం మొత్తం విప్పి పరిస్తే మాదాపూర్ నుంచి జమ్మలమడుగు దాకా వస్తుందని నేను ఆ తరువాత చాలామందికి చెప్పాను, కొలిచినవాళ్లు లేరు.

దారం కోసినా మోటారు తిరగలేదు. ముక్కు దగ్గర పెడితే మాడిన వాసన. అది అయిపోయింది, కొత్తది కావాలి. రెక్కను పట్టుకున్న నట్టు విప్పబోతే అదొక పంతం. నేను తిప్పాను, పెద్దమ్మ తిప్పింది, ఇద్దరం కలిసి తిప్పాం, తిప్పినకొద్దీ బిగుస్తోంది. పెద్దమ్మ చేతి గాజు ఒకటి చిట్లింది. చివరికి ఆమె విసిగిపోయి పానాను ఇటు కాకుండా అటు గుంజింది, నట్టు సుతారంగా వచ్చేసింది. ఫ్యాను తిరుగుడుకు ఊడిపోకుండా ఉండాలని దాని మరను తిరగేసి పెట్టారట. ఇది నాకు ఆ రోజే తెలిసింది, పెద్దమ్మ మాత్రం తనకు ముందే తెలుసని చనిపోయేదాకా చెప్పుకుంది.

కాలిన మోటారును తువాల్లో చుట్టి, ఒళ్లో పెట్టుకుని, బస్సులో మూసాపేటకు బయల్దేరాను. ఆ తువాలు చూసి లేడీస్ సీటులో ఉన్నామె గబుక్కున లేచి చోటిచ్చింది, పక్కనున్న ముసలమ్మ ఎన్నో నెల అని అడిగింది, కండక్టరు పసివాళ్లకు టికెట్ లేదమ్మా అన్నాడు. నేను తువాలు మీద మెల్లిగా జోకొడుతూ కూర్చున్నాను. దిగేటప్పుడు ముసలమ్మ తువాలు తొలగించి బుగ్గ గిల్లబోయి, ఇనుము తగిలి, నా వంక జాలిగా చూసింది. ఇది మాత్రం అచ్చంగా జరిగిందే.

మూసాపేటలో మోటార్ల దుకాణాయన నన్ను చూసి, మెకానిక్‌ను పంపించు అన్నాడు. మెకానిక్‌నే వచ్చానన్నాను. నవ్వాడు. నేను నవ్వలేదు. ఇరుసు పొడవు, లావు, కాళ్ల మధ్య దూరం ముడులు వేసిన తాడుతో కొలిచి, పాతదానితో కొత్తది పక్కపక్కన పడుకోబెట్టి సరిచూసి, ఇక్కడే కరెంటు పెట్టి తిప్పి చూపిస్తే గానీ కదలనని బల్ల మీద కూర్చున్నాను. ఆదివారం కదా, ఆయనకు ఇంటికి పోవాలని తొందర. తిప్పి చూపించాడు.

మధ్యాహ్నానికి కొత్త మోటారు బిగించి, రెక్క ఎక్కించి, మెయిన్ వేశాం. తిరిగింది. నేను చప్పట్లు కొట్టబోతుంటే పెద్దమ్మ చెయ్యి పట్టుకుని ఆపింది. ఆమె జాలీ ఎదురుగా నిలబడి కొంగు చాపి చూస్తోంది, కొంగు ఎగిరి ఇటు రావాల్సింది పోయి జాలీకి అతుక్కుపోయింది. గాలి ఊదడం లేదు, పీలుస్తోంది. ఉల్టా తిరుగుతోంది. మళ్లీ మెయిన్ ఆపి, మోటారు నుంచి వచ్చే తీగల్లో రెండింటిని ఇటుది అటు, అటుది ఇటు మార్చాం. ఈసారి వేసేసరికి పెద్దమ్మ కొంగు జెండాలా లేచి ఆమె ముఖాన్నే కప్పేసింది. కొంగు లోపలి నుంచే ఆమె, ఇగ ఎండుతయి నా వడియాలు అంది.

సాయంత్రం మామ వచ్చాడు, ఒక చేతిలో బూడిద గుమ్మడికాయ, ఇంకో చేతిలో మా ఇద్దరి బస్సు టికెట్లు. వెనక అత్త, నా పెట్టె. గదిలో అడుగుపెట్టి నిలబడిపోయాడు. చల్లగా ఉంది. గోడను ముట్టుకున్నాడు, మానిటరును ముట్టుకున్నాడు, తన నుదురు ముట్టుకున్నాడు. నేను దారాల ముద్దను బల్ల మీద పెట్టాను. ఆయన చాలాసేపు దాని వంక చూశాడు. సంతోషిస్తాడనుకున్నాను. కళ్లు ఎర్రబడ్డాయి.

"సామికి కట్టిన దారం పాపా ఇది. కూరలకత్తితో కోసినావా?"

కోశాను మామా, కోయకపోతే సామి కూడా ఉడికిపోయేవాడు అన్నాను. అత్త నవ్వు ఆపుకోవడానికి కొంగు నోట్లో కుక్కుకుంది. మామ గుమ్మడికాయను మెల్లిగా కింద పెట్టి, నా పెట్టె చేతిలోకి తీసుకున్నాడు. సరే, బాగైంది, మంచిదే, అయినా మీ నాయనకు కబురు పోయింది, ఆయన రేపు తెల్లవారి బస్టాండుకొచ్చి నిలబడి ఉంటాడు, ఒకసారి పోయి తరువాత చూద్దాం, పద అన్నాడు. ఆ తరువాత అనేది ఉండదని నాకూ తెలుసు, ఆయనకూ తెలుసు. వెళ్లిన పిల్ల మళ్లీ రావాలంటే కొత్తగా ఒక మాట కావాలి, ఆ మాట రెండోసారి మా నాయన ఒప్పుకోడు.

మామ పట్టుకున్న పెట్టె రెండో చెవి నేను పట్టుకున్నాను. ఇంతకుముందెప్పుడూ ఆయనకు ఎదురు చెప్పలేదు.

"సెంటర్ మూతపడితే కదా మామా నన్ను తీసుకపోవాల్సింది. అది మూతపడలేదు. నేను రాను."

మామ పెట్టెను లాగలేదు, వదలనూ లేదు. అప్పుడు గుమ్మంలోంచి పెద్దమ్మ, పిండి చేతులు నడుము మీద పెట్టుకుని, నిదానంగా అంది.

"పోరి యాడికి పోతది? మల్ల గా డబ్బా ఆగితే నువ్వెక్కి చూస్తవా మిద్దె? నీకు దారం కట్టుడే తెలుసు, విప్పుడు తెల్వదు."

మామ పెట్టె వదిలేశాడు. కుర్చీ లాక్కుని ఏసీ కింద కూర్చుని, టికెట్లను నాలుగు మడతలు పెట్టి జేబులో దాచుకుని, చలిగా ఉంది, కాస్త తగ్గించు అన్నాడు. ఆ సాయంత్రం బస్సుకు ఒక్కడే వెళ్లి, మా నాయనకు తానే చెప్పి వచ్చాడు. ఏం చెప్పాడో ఇద్దరిలో ఎవరూ నాకు ఎప్పుడూ చెప్పలేదు. తరువాతి దసరాకు అవుట్‌డోర్‌కు బొట్టు మాత్రమే పెట్టాడు, అదీ నన్ను అడిగి.

సెంటర్ ఇంకొన్నేళ్లు నడిచి, ఆ పనులు పలచబడ్డాక, ఏసీ నిక్షేపంలా ఉండగానే మూతపడింది. అప్పటికి నాకు ఇంకోచోట ఉద్యోగం ఉంది, మాట గడువు దాటిపోయింది, ఎవరూ గుర్తు చేయలేదు. మామ తన అంగడికి వెళ్లిపోయాడు. బండలు పోయాయి, ఈల పోయింది, పెద్దమ్మ ఇల్లున్న చోట ఇప్పుడు ఏ అంతస్తు ఎక్కడ మొదలవుతుందో తెలియని అద్దాల గోడ ఉంది. దాని వెనక ఎక్కడో ఎన్నో ఫ్యాన్లు తిరుగుతుంటాయి, వాటి ముందు మంచం వాల్చుకునే జాగా లేదు. ఆగినా ఎవరికీ వినపడదు, వినపడేలోగా కొత్తది వచ్చేస్తుంది. మా అమ్మాయి ఉద్యోగానికి పోనా అని అడగలేదు, పోతున్నానని చెప్పింది, నేను జాగ్రత్త అన్నాను, అంతే. మంచికాలమే, కాదనను, దీని కోసమే కదా ఆ పెట్టె చెవి పట్టుకున్నది.

మామ పోయి చాలా ఏళ్లయింది. నేను ఎక్కడుండాలో, ఎప్పుడు తిరిగి రావాలో చెప్పేవాళ్లు ఇప్పుడు ఈ భూమ్మీద ఒక్కరూ లేరు. అయినా కొన్ని సాయంత్రాలు, ఏ కారణమూ లేకుండా, నేను రాను అని గట్టిగా అనాలని నోటిదాకా వస్తుంది. పద అనడానికి మామ ఉండాలి కదా.